పెద్ద సిస్టర్ దగ్గర జిరాక్సమ్మ

కోర్టుకు ఎదురుగా, టీ కొట్టుకూ స్టాంపుల దుకాణానికీ మధ్య ఇరుక్కున్న గదిలో ఒక జిరాక్సు కొట్టుంది. దాన్ని నడిపే ఆవిడకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండేది కానీ, ప్లీడరు గుమాస్తాల దగ్గర్నుంచి చర్చిలో పాటలు పాడేవాళ్ల దాకా అందరికీ ఆవిడ జిరాక్సమ్మే.

ఆవిడ భక్తి కూడా ఆ మెషీనులోంచే పుట్టుకొచ్చింది. చర్చివాళ్లు ఏ ప్రార్థన పంచాలన్నా కాగితం ఆవిడ దగ్గరికే తెచ్చేవారు. వంద కాపీలు అడిగితే ఆవిడ నూట ఒకటి తీసేది. ఆ ఒకటీ తనకు. పోయిన వస్తువులు దొరకడానికి పునీత అంతోనివారికి తొమ్మిది రోజుల ప్రార్థన, ప్రయాణాలకొకటి, పరీక్షలకొకటి, గొంతునొప్పికి ఇంకొకటి. ఇంట్లో పరీక్షలు రాసేవాళ్లెవరూ లేరు. ఇక ఆవిడ గొంతుకు ఏ లోటూ లేదని, లిఫ్టులు బాగుచేసే భర్త ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్పగలడు. అయినా చేతికందిన ప్రార్థనను పక్కన పడేస్తే ఆ పునీతులు ఏమనుకుంటారోనని ఆవిడ బెంగ.

అలా ఒక ఫైలు మూడు ఫైళ్లయింది. తెల్లారకముందే లేచి మొదలుపెట్టినా కొట్టు తెరిచే వేళకు సగం కూడా అయ్యేవి కావు. మిగతా సగం మెషీను పక్కన నిలబడి పెదాలతోనే లాగించేది. రెండు కాపీలు అడిగినవాడికి ఇరవై వచ్చేవి. ఒకరోజు ఎవరిదో విడాకుల కాగితం వెనక ఇంకెవరిదో పెళ్లి పత్రిక అచ్చయి కూర్చుంది. ఆ రోజు భర్త నవ్వు ఆపుకుని, అన్ని అంతస్తుల బటన్లూ ఒక్కసారే నొక్కితే లిఫ్టు చేరాల్సిన చోటికి ఎప్పటికి చేరుతుందని అడిగాడు. లిఫ్టులకూ మోక్షానికీ సంబంధం లేదని ఆవిడ తేల్చేసింది.

ప్రతి శనివారం చర్చిలో ఫాదర్ గారి దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఆవిడ చెప్పేది ఒకటే: ఈ వారం ఏ ప్రార్థన ఎన్నిసార్లు తప్పిందో. ఫాదర్ గారు చాలాకాలం ఓపిక పట్టారు. చివరికి ఒక శనివారం, "ఇవి పాపాలు కావమ్మా, హాజరుపట్టీ," అన్నారు. తప్పులు చెప్పుకుని వెళ్లిపోవడం ఒక్కటే చాలదని, తన ప్రార్థన గురించీ బతుకు గురించీ నెలకోసారి నిదానంగా కూర్చుని మాట్లాడే మనిషి ఆవిడకు కావాలని వివరించారు. అలా దారిలో తోడు నడిచేవాళ్లను ఆధ్యాత్మిక మార్గదర్శి అంటారనీ, వాళ్లు ఫాదర్లే కానక్కర్లేదనీ చెప్పి, కాన్వెంటులో ఉన్న పెద్ద సిస్టర్ దగ్గరికి వెళ్లమన్నారు.

జిరాక్సమ్మకు ఇది ప్రమోషన్‌లా వినిపించింది. మూడు ఫైళ్లూ సంచిలో పెట్టుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లింది.

పెద్ద సిస్టర్ నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి ఇప్పుడు వరండాలో వాచిన కాళ్లు స్టూలు మీద పెట్టుకుని కూర్చునే మనిషి. మొదటి ఫైలు ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా తిరగేసి, వీటిలో నీ మాట ఏది తల్లీ అని అడిగింది. అన్నీ తనవేనని, స్వయంగా కాపీ తీసుకున్నానని జిరాక్సమ్మ జవాబిచ్చింది. సిస్టర్ దగ్గొచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత, ఈ నెలంతా ఫైళ్లు ముట్టుకోవద్దని, ఇంట్లో అందరూ కలిసి చెప్పే జపమాల ఒక్కటి ఉంచుకుని, రోజూ పావుగంట ఏ కాగితమూ లేకుండా దేవుడి ముందు ఊరికే కూర్చోమని చెప్పింది.

జిరాక్సమ్మ కూరగాయల బేరానికి దిగింది. పోనీ పది ఉంచుకుంటానంది, అయిదంది, అంతోనివారి ఒక్కటైనా అంది. సిస్టర్ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ట్యూషనుకు వెళితే పుస్తకాలు లాక్కున్నారని ఇంటికెళ్లి భర్తతో మొత్తుకుంటే, ఆయన ఆ సిస్టర్‌కు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ఆ పావుగంట పావుయుగంలా నడిచింది. మొదటి వారం మెషీనులో అయిపోవచ్చిన ఇంకు గుర్తొచ్చింది. రెండోవారం కునుకు వచ్చింది. మూడోవారం నుంచి సొంత అక్క తలపుల్లోకి రావడం మొదలెట్టింది. కళ్లు మూస్తే చాలు, అక్కే.

నెల తిరగ్గానే వెళ్లి ఫిర్యాదు చేసింది. "దేవుడి కోసం కూర్చుంటే మా అక్క వస్తోంది సిస్టర్ గారూ. రాకుండా ఉండటానికి ఏదన్నా ప్రార్థన ఉంటే చెప్పండి."

"మామూలుగా ఇంటికి వచ్చి ఎన్నాళ్లయింది మీ అక్క?"

నాలుగేళ్లయింది. అక్కడినుంచి కథంతా దానంతటదే బయటపడింది. అమ్మ మంచాన పడి ఎనిమిది నెలలు అక్క ఇంట్లోనే ఉంది. స్కూలు యూనిఫారాలు కుట్టుకునే అక్క ఒక చేత్తో మిషనూ ఒక చేత్తో అమ్మనూ చూసుకుంది. జిరాక్సమ్మ ఆదివారాలు వెళ్లి, మంచం కాళ్ల దగ్గర నిలబడి, పుస్తకం తెరిచి ప్రార్థనలు చదివి వచ్చేసేది. సమాధి చేసి వచ్చిన రోజు చుట్టాలందరి ముందూ అక్క, చదవడం నీ వంతు, తుడవడం నా వంతు అయింది కదే అనేసింది. ప్రార్థనను అవమానించిందని నాలుగేళ్లుగా జిరాక్సమ్మ కనిపించిన వాళ్లందరికీ చెబుతూనే ఉంది.

సిస్టర్ అక్కనూ తప్పు పట్టలేదు, చెల్లెలినీ వెనకేసుకు రాలేదు. అక్కడ నిలబడి చదువుతున్నప్పుడు లోపల ఎలా ఉండేదని మాత్రం అడిగింది. జిరాక్సమ్మ నోట్లో నువ్వుగింజ నానదని పేరు. అలాంటిది ఇప్పుడు చీర కొంగును వేలికి చుట్టి, విప్పింది.

"భయమేసేది," అంది చివరికి. "అమ్మని ముట్టుకుంటే తట్టుకోలేననిపించేది. పుస్తకం పట్టుకుంటే చేతులకి పనుండేది."

సిస్టర్ ఆ చేతుల మీద తన చెయ్యి వేసింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని జిరాక్సమ్మ, "అయితే వెళ్లి అక్కని కలవమంటారు," అంది.

"నేనెక్కడన్నాను?"

"అనండి మరి. మీరు చెబితే వెళతాను."

"నేను చెబితే నా మాట మీద వెళతావు. పావుగంట ఉందిగా, అక్కడ దేవుణ్ణి అడుగు. ఆయనేమంటే అది చెయ్యి. వచ్చే నెల నాకు చెబుదువుగాని."

దారి చూపని మార్గదర్శి ఎందుకని ఆవిడ దారి పొడవునా సణుక్కుంది. ఆ నెల వెళ్లలేదు. ఆ పై నెలా ఏదో వంక దొరికింది. సిస్టర్ ప్రతిసారీ విని, తొందరపెట్టకుండా, కాఫీ తాగి వెళ్లమనేది. కోపమొచ్చినా బాగుండేదనిపించేంత శాంతంగా ఉండేది. మూడో నెలలో ఒక మధ్యాహ్నం జిరాక్సమ్మ కొట్టు షట్టరు దించి, ఎవరికీ చెప్పకుండా అక్క ఇంటికి నడిచింది.

అక్క తెల్లచొక్కాల గుట్ట మధ్య కూర్చుని ఉంది. తలెత్తి చూసి, "ఏ పునీతుడు పంపాడే నిన్ను?" అంది.

ఇంటి దగ్గర వల్లెవేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "నువ్వు ఆ రోజు అన్నది నిజమే అక్కా. నాకు భయమేసి పుస్తకం చాటున దాక్కున్నాను. నిన్ను ఒక్కదాన్నే వదిలేశాను," అంది, నిలబడే.

అక్క కరిగి కౌగలించుకోలేదు. అలాంటి మనిషి కాదు. ఆ మాట ఎనిమిది నెలల్లో ఒక్కనాడు అని ఉంటే ఇద్దరం కలిసి భయపడేవాళ్లం కదా అని గొణిగింది. తర్వాత గుండీల డబ్బా ముందుకు తోసి, ఊరికే నిలబడే బదులు ఆ చొక్కాలకు గుండీలు కుట్టమంది. సాయంత్రం దాకా ఇద్దరూ కుట్టారు. జిరాక్సమ్మ కుట్టినవి అక్క సగం విప్పించి మళ్లీ కుట్టించింది. వచ్చేటప్పుడు, గురువారం ఇంకో మూట వస్తుందని గోడ వైపు తిరిగి చెప్పింది.

నెల తిరగ్గానే జిరాక్సమ్మ పరుగున వెళ్లి, తను అడిగిన క్షమాపణను కొంచెం పెద్దది చేసి మరీ సిస్టర్‌కు వర్ణించింది. మెప్పు వస్తుందని ఎదురుచూసింది. సిస్టర్ మెచ్చుకోలేదు. ఆ మధ్యాహ్నం దేవుడు ఎక్కడైనా కనిపించాడా అని అడిగింది.

జిరాక్సమ్మ ఆలోచించింది. ఈసారి జవాబు ఏ ఫైల్లోనూ లేదు.

"నాకిప్పుడు దగ్గరిచూపు ఆనదు సిస్టర్ గారూ," అంది మెల్లగా. "సూదిలో దారం ఎక్కించలేక తంటాలు పడుతుంటే, అక్క నా చేతిలోంచి సూది లాక్కుని ఎక్కించి ఇచ్చింది. నేనేం అడగలేదు. తనూ ఏమీ అనలేదు. దారం అయిపోయినప్పుడల్లా మళ్లీ ఎక్కించి ఇచ్చింది."

సిస్టర్ తలూపింది. ఈ నెల పావుగంటలో ఆ సూది దగ్గరే కూర్చోమంది.