రెమో గడిలో పేరు

నా మొగుడు సిద్ధేశ్ పోయి నెలయ్యేసరికి నేను ఊరందరికీ మంచిదాన్నైపోయాను. ఎవరేమన్నా "సరే" అనేదాన్ని. గాజులు తీయాలన్నారు, సరే. ఆయన చొక్కాలు పంచిపెట్టాలన్నారు, సరే. తుంగభద్ర ఒడ్డున కంప్లి రేవులో ఉన్న మా పుట్టిని ఇకమీద తనే నడుపుకుంటానన్నాడు మా బావ పరశురామ్. అదీ సరే.

పుట్టి అంటే వెదురుతో అల్లి అడుగున తారు పూసిన గుండ్రటి బుట్ట. దానికి ఒక్కటే తెడ్డు. ఆ తెడ్డు వేయడం నాకూ వచ్చు, పెళ్లయిన కొత్తలో సిద్ధేశే నేర్పాడు. "ఆడమనిషి తెడ్డు పట్టుకుంటే నలుగురూ ఏమంటారమ్మా" అన్నాడు బావ. ఆ నలుగురెవరో నాకు ఇప్పటికీ తెలియదు. నెల రోజుల్లో ఒక్కరూ వచ్చి తిన్నావా అని అడిగింది లేదు. అయినా నాకు కోపం రాలేదు. కోపం రావాలంటే లోపల మనిషి ఉండాలి కదా.

ఏడుపూ రాలేదు. నీళ్ల మీద పెరిగిన మనిషి బ్రిడ్జి మీద బండి జారి చచ్చిపోయాడు. శవాన్ని తెచ్చిన రోజు మా అత్త ఉచ్చంగెమ్మ నా వీపు చరుస్తూ "ఏడువే తల్లీ, ఏడిస్తే పోతాది" అంది. ప్రయత్నం చేశాను. దవడలు నొప్పి పుట్టాయి గానీ కళ్లు తడవలేదు.

మొన్న బుధవారం పొద్దున రేవుకు కారొచ్చింది. దిగినామె పేరు ఇనేస్, స్పెయిన్ దేశం ఆమె. తుంగభద్రలో నీటికుక్కలు ఎన్నున్నాయో లెక్కపెడుతుంది. పోయిన చలికాలం రెండు నెలలు సిద్ధేశ్ పుట్టిలోనే తిరిగింది. ఆ రోజుల్లోనే ఆయన ఒక స్పెయిన్ మాట నేర్చుకొచ్చి నా ప్రాణం తీశాడు.

"రెమో" అని తెడ్డు చూపించాడు. తర్వాత చేతులు చాపి నీళ్లు లాక్కుంటున్నట్టు చేసి, మళ్లీ "రెమో" అన్నాడు.

"రెండిటికీ ఒకటేనా?"

"హౌదు. తెడ్డన్నా రెమోనే, తెడ్డేస్తాండా అన్నా రెమోనే. తెడ్డు వేరే, నేను వేరే కాదంట."

"అట్లయితే తెడ్డుకే అన్నం పెడతా, నువ్వు పండుకో" అన్నాను. ఆ వారమంతా ముందు తెడ్డుకే వడ్డించమని నన్ను సతాయించాడు.

ఇప్పుడు ఆ తెడ్డు బావ భుజం మీద ఉంది. నేను ఊరికే చూస్తూ నిలబడ్డాను. ఇనేస్ అటూ ఇటూ చూసి ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఆమె కారు డ్రైవరు గోపీకృష్ణ ఈ ఏడే కొత్తగా చేరాడు, మా సంగతులేవీ ఎరగడు.

"నేత్రావతి యాడ అని అడుగుతాందక్కా."

"నేనే నేత్రావతి."

ఇనేస్ తల అడ్డంగా ఊపింది. పెదవి మీద వేలితో గీత గీసి చూపించింది.

"నువ్వు కాదంట. మీసాలుండే నేత్రావతి అంట."

రేవులో ఉన్నవాళ్లు నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఇనేస్ సంచిలోంచి పొడుగు పుస్తకం తీసి నా చేతికిచ్చింది. రోజుకొక వరస. తేదీ, టైము, ఎన్ని నీటికుక్కలు కనబడ్డాయి. చివరి గడి మీద ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుని చదివాను. రెమో. ఆ రోజు పుట్టి నడిపినవాళ్లు అందులో పేరు రాయాలని గోపీకృష్ణ చెప్పాడు.

దాని కింద మా ఊరి బడిలో నేర్పే కన్నడ అక్షరాల్లో నేత్రావతి. దాని కింద నేత్రావతి. పేజీ తిప్పితే మళ్లీ అదే. చివరి 'తి'కి గుడి బదులు గాలం కొక్కెం లాంటిది.

ఆ రాత నాకు తెలుసు, నేర్పింది నేనే. బడి మొహం చూడని మనిషి. పెళ్లయిన ఏడాది పలక కొని, సిద్ధేశ్ అని రాసి దిద్దమన్నాను. ఆయన అరచేత్తో తుడిచేసి "నా పేరు నాకు తెల్సులే, రాసేదేంటికి? నీ పేరు నేర్పు" అన్నాడు. ఆయనకు రాయడం వచ్చింది ఆ ఒక్క పేరే.

లెక్కపెట్టాను, అరవై ఒక్క రోజులు. నాతో ఒక్క మాటైనా అనలేదు దొంగ సచ్చినోడు. నెల తర్వాత మొదటిసారి నాకు నొప్పి తెలిసింది. తిమ్మిరెక్కిన కాల్లోకి నెత్తురు పారేటప్పటి నొప్పి.

"మీసాల నేత్రావతి చచ్చిపోయినాడని చెప్పప్పా" అన్నాను.

గోపీకృష్ణ చెప్పాడు. ఇనేస్ ఒడ్డున రాతి మీద కూలబడింది. బావ తెడ్డు భుజం మార్చుకున్నాడు.

"నేనుండా కదా మేడమ్. పోదామా?"

"తెడ్డియ్యి బావా" అన్నాను.

"ఏందమ్మా?"

"తెడ్డు. నేనేస్తా."

"నలుగురూ..."

"ఆ నలుగుర్నీ ఎక్కమను. అవతలి ఒడ్డున దింపొస్తా."

బావ తెడ్డు నా చేతిలో పెట్టాడు.

నడి ఏట్లోకి పోయాక ఏడ్చాను. తెడ్డు ఆపకుండానే ఏడ్చాను. ఇనేస్ దుర్భిణి కళ్లకు పెట్టుకుని అవతలికి తిరిగి కూర్చుంది. ఆ పూట మూడు నీటికుక్కలు కనబడ్డాయి.

ఒడ్డుకొచ్చాక ఆమె పుస్తకం తెరిచి పెన్ను ఇచ్చింది. గోపీకృష్ణ గడి మీద వేలు పెట్టి చూపించాడు.

"ఈడక్కా, నీ పేరు."

సిద్ధేశ్ అని రాశాను.

"అది కాదక్కా, నీ పేరు."

"నా పేరు నాకు తెల్సులేప్పా" అన్నాను.