చదవకుండా పెట్టిన సంతకం

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం. ఆ పొద్దున ఇంట్లో తిన్నది ఉడికించిన గుడ్లూ, ముందురోజు మిగిలిన బ్రెడ్డూ. మూడేళ్ళ కిందటి పొద్దు ఆమెకి అంత కచ్చితంగా గుర్తుకు రావడానికి కారణం, ఆమె విడాకుల కేసు చూస్తున్న లాయరమ్మ బల్ల మీద పెట్టిన ఫారం. దాని కింద ఆ తేదీ ఉంది, తేదీ పక్కన ఆమె సంతకం ఉంది, సంతకంలో చివరి అక్షరం తడికి అలుక్కుపోయి ఉంది. ఆమె గుడ్ల పెంకు తీస్తుంటే భర్త వచ్చి ఈ కాగితం ముందు పెట్టాడు. చేతులు తడిగా ఉన్నాయి, ఆగండి, చదివి పెడతానంది. "అన్నీ చదివి పెట్టడానికి ఇదేం మీ ఆఫీసా? ఇల్లు" అన్నాడు ఆయన నవ్వుతూ. పక్కగదిలోంచి అత్తగారు కూడా నవ్వింది. బస్సుకి ఇంకా పన్నెండు నిమిషాలే టైముంది. చెయ్యి నైటీకి తుడుచుకుని సంతకం పెట్టేసింది.

"ఇది మూడోది" అంది లాయరమ్మ. "మొదటిసారి ఇంటి కప్పు రిపేరని తీశారు. రెండోసారి మీకు ఆపరేషన్ అని. ఇది మీ అత్తగారి కంటి ఆపరేషన్‌కట. ఆయన రిటైర్‌మెంట్ ఫండ్‌లో ఇక మిగిలింది ఏమీ లేదు. ఆ ఫండ్ రూలు ప్రకారం భార్య సంతకం లేకుండా ఒక్క పైసా తీయనివ్వరు. మూడింటి మీదా ఉన్నది మీ సంతకమే కదా?"

"నాదే."

కప్పు ఇప్పటికీ వానొస్తే కారుతుంది. ఇక ఆపరేషన్ సంగతి. తన పొట్ట కోసి కుట్టారన్న సంగతి తనకే తెలియకుండా జరిగిందన్నమాట. నవ్వొచ్చింది గానీ, నవ్వడానికి కూడా ఓపిక కావాలి.

ఆమె పనిచేసేది పెన్షన్ సెక్షన్‌లో. రిటైరైనవాళ్ళూ, మొగుడు పోయినవాళ్ళూ తెచ్చే ఫారాలు ప్రతి గడీ వేలు పెట్టి చదివి పంపడమే ఆమె ఉద్యోగం, ఇరవై తొమ్మిదేళ్ళుగా. ఎదురుగా మేడమ్ అంటారు, వెనక్కి తిరిగితే భూతద్దం అంటారు. భూతద్దం కింద పడితే చచ్చినవాడు కూడా లేచొచ్చి పేరు సరిదిద్దుకోవాల్సిందేనని టైపిస్టు జోకు. అలాంటి మనిషి ఇంట్లో మూడుసార్లు, మూడుసార్లూ పొయ్యి ముందు నిలబడి, ఏముందో చూడకుండా సంతకం పెట్టింది. ఎవరైనా దరఖాస్తుదారు ఈ మాట చెబితే తనే నమ్మేది కాదు.

లాయరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఇద్దరి ఫండ్‌లూ కలిపి చెరిసగం పంచమని వాళ్ళ లాయరు అడుగుతున్నాడు. ఆయనది ఖాళీ కాబట్టి ఇప్పుడు పంచడానికి ఉన్నది ఈమెది ఒక్కటే. సగం ఇస్తానని సంతకం పెడితే వచ్చే నెలకల్లా అంతా అయిపోతుంది. లేదా, ఆయన తీసిందంతా జూదంలో పోయిందనీ, దాన్ని ఆయన వాటా కిందే జమకట్టమనీ అడగొచ్చు. అప్పుడు ఆ ఫారాల్లో రాసినవి అబద్ధాలని చూపించాలి. "మీరేమో చదవలేదనాలి. మీరు ఏ సెక్షన్‌లో పనిచేస్తారో వాళ్ళ లాయరు గట్టిగా చదివి వినిపిస్తాడు. మీ ఆఫీసు వాళ్ళు సంజాయిషీ అడిగినా అడగొచ్చు. లేకపోతే మీ అత్తగారిని తీసుకొచ్చి కళ్ళు చూపిద్దాం. ఆపరేషన్ అయిందో లేదో జడ్జిగారికే తెలుస్తుంది."

"ఆవిణ్ణి వద్దండీ" అంది ఆమె. "ఆలోచించుకుని రేపు చెబుతాను."

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఎవరో పెద్దాయన తన సంచీ ఒళ్ళోకి తీసుకుని చోటిచ్చాడు, అంతే, దానికే కళ్ళు చెమర్చాయి. ఇచ్చేస్తే పోలేదా అనిపించింది. సగమే కదా. రిటైరయ్యాక ఇంకో నాలుగేళ్ళు ఏ పిల్లలకో లెక్కల ట్యూషన్ చెప్పుకోవచ్చు. మోకాళ్ళు ఒప్పుకుంటే. ఆయన్ని తిట్టుకోవడానికి కూడా ఆమెకి ఓపిక లేదు. ఫోన్‌లో పేకాడేందుకు ఆయన రోజూ బాత్రూమ్‌లో కొళాయి తిప్పి కూర్చునేవాడు. పొట్ట బాగాలేదేమోనని రెండేళ్ళపాటు మందులు కొనుక్కొచ్చింది. అన్నంలో కారం తగ్గించింది. సంగతి బయటపడ్డ రోజు ఆయన వంటింటి గట్టుకి తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఈ ఒక్కసారి పోయింది వెనక్కి రాబట్టుకుంటే మళ్ళీ ముట్టను" అన్నాడు. అది ఏడుపులో కూడా ఇంకో ఆట అడగడమేనని ఆమెకి అర్థం కావడానికి మరో ఏడాది పట్టింది. చికిత్సకి రెండుసార్లు తీసుకెళ్ళింది, రెండుసార్లూ సెలవు తనే పెట్టింది. మొన్న కోర్టు వరండాలో అన్నాడు, "నీ ఫండ్ అలా పెరిగిందంటే ఇన్నేళ్ళూ నీ నెత్తిమీద నేనో కప్పు పెట్టబట్టే." ఏ కప్పు, కారే కప్పా అని అడగాలని ఇంటికొచ్చాక తట్టింది. అడగాల్సిన మాటలన్నీ ఆమెకి ఇంటికొచ్చాకే, గిన్నెలు తోముతుంటేనే తడతాయి.

ఇల్లు విడిచి వెళ్ళేటప్పుడు ఆయన టీవీ తీసుకెళ్ళాడు, తల్లిని తీసుకెళ్ళలేదు. వేరే గది దొరకగానే వచ్చి తీసుకెళ్తానన్నాడు. తొమ్మిది నెలలైంది.

ఆ సాయంత్రం అత్తగారికి అన్నం కలిపి పెట్టి, పళ్ళెంలో ఏది ఎక్కడుందో చెప్పి, తర్వాత అదే బల్ల దగ్గర కూర్చుని ఆమె తెల్లకాగితం తీసింది. రాస్తున్న చప్పుడుకి ముసలావిడ తలెత్తింది.

"ఏంటమ్మాయ్, ఆఫీసు పని ఇంటికి తెచ్చావా?"

"కాదత్తయ్యా. కోర్టు కాగితం."

"వాడి మీదా?"

"నా మీదే."

"అయితే చదువు."

దాచే ఓపిక కూడా లేక చదివింది. "మూడు ఫారాల మీదా ఉన్న సంతకం నాదే. మూడూ చదవకుండా పెట్టాను. నేను పెన్షన్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. చదవడమే నా ఉద్యోగం. ఇంట్లో నన్ను ఎవరూ చదవనివ్వలేదు, నేనూ పట్టుబట్టలేదు. మా ఇంటి కప్పు బాగు చేయించలేదు. నాకు ఏ ఆపరేషనూ జరగలేదు. మా అత్తగారి కంటికి..."

అక్కడ ఆగింది.

"నా కంటికి?" అంది అత్తగారు.

"ఆపరేషన్ చేయిస్తానని డబ్బు తీశారత్తయ్యా. మూడేళ్ళ కిందట."

ముసలావిడ పళ్ళెం అంచు వేలితో తడుముతూ కూర్చుంది. "శుక్లం ముదరలేదని డాక్టరు అన్నాడని వాడు చెప్పాడే" అంది చివరికి. "ఇంకా ముదరాలి, ఇంకా ముదరాలి అని ఇల్లు విడిచి వెళ్ళేదాకా అంటూనే ఉన్నాడే. నేనేమో ముదరాలని దణ్ణాలు పెట్టుకున్నాను."

ఆమె మంచినీళ్ళ గ్లాసు అత్తగారి చేతికి అందించింది.

"వాడికి సగం ఇచ్చేద్దామనుకున్నావా?"

"అనుకున్నాను. అలిసిపోయాను అత్తయ్యా. ఇప్పుడు ఇవ్వననుకుంటున్నాను."

"ఆ కాగితంలో తప్పుంది" అంది అత్తగారు. "కంటికి అని రాశావు. ఒక్కటే అనుకుంటారు. రెండు కళ్ళకీ అని రాయి." గ్లాసు పక్కన పెట్టి, "కింద నాక్కూడా చోటు వదులు. నా సంతకం వంకరగా వస్తుంది, నవ్వకు. పెట్టేముందు మళ్ళీ మొత్తం చదివి వినిపించు" అంది.

ఆమె మొదటి నుంచి, ఒక్క మాట వదలకుండా చదివింది. ముసలావిడ వేలు పట్టుకుని చోటు చూపిస్తే, పేరులోని అక్షరాలు ఒక్కొక్కటిగా, మెట్లు దిగినట్టు కిందికి వాలుతూ పడ్డాయి. ఎవరూ నవ్వలేదు.

తర్వాత అత్తగారు లేచి, గోడ పట్టుకుని నడిచింది. తన గదిలోకనుకుంది ఆమె. కాదు. కొడుకు ఏ వేళకైనా వస్తాడేమోనని తొమ్మిది నెలలుగా తను గడియ వేయనివ్వని వీధి తలుపు దగ్గరికి వెళ్ళి, చేత్తో తడిమి, చప్పుడు కాకుండా దగ్గరికి లాగి గడియ వేసింది.