మమ్మల్ని అడగని ఒప్పందం

అమెరికాలోని అపలాచియన్ కొండల నడుమ మా లారెల్ లోయలో నీటికి ముందు రుచి పోయింది, తరువాత రంగు మారింది. కొండమీద బొగ్గు కడిగే కంపెనీవారి మురుగు మడుగు గట్టు తెంచుకుని వాగులోకీ, వాగు నుంచి మా బావుల్లోకీ దిగింది. రాష్ట్ర ప్రభుత్వం దావా వేసింది. విచారణ మొదలుకాకముందే రాజీ కుదిరింది. కంపెనీ తప్పు ఒప్పుకోదు, బదులుగా పట్టణం నుంచి మా గడపల దాకా మంచినీటి గొట్టాలు వేస్తుంది. ఇరుపక్షాలూ సంతకాలు చేశాయి. నీలిరంగు గొట్టాలు దారిపక్కకు వచ్చి చేరాయి.

ఈ సంగతి మాకు రేడియో చెప్పింది.

"గొట్టాలు సరే, మమ్మల్ని అడిగారా?" అంది డెల్ఫియా రాట్లిఫ్. ఆ బావినీళ్లే తన భర్తను తీసుకుపోయాయని ఆమె నమ్మకం. "తప్పు చేశామని కంపెనీ చేత ఒక్క మాట అనిపించలేకపోయారా?"

లోయంతా ఆమెను అత్త అనే పిలుస్తుంది. మా శాసనసభ్యుడు హార్లన్ స్టిధమ్‌కు ఆదివారం బడిలో బైబిలు చదివించింది ఆమే.

"ఒరేయ్ హార్లన్, రాజధానిలో కుర్చీ వేడిచేయడమేనా, ఇంకేమన్నా చేస్తున్నావా?"

"చట్టమే మార్పిస్తా అత్తా, చూస్తుండు."

అతను బిల్లు తెచ్చాడు. ప్రభుత్వం ఎవరితో రాజీపడినా, దాని బాధితుల మాట మూడు నెలలపాటు వినాలి. ఆ తరువాతే ఒప్పందం జడ్జి ముందుకు వెళ్లాలి. మంచి బిల్లు. ఈనాటికీ నేను దాన్ని చెడ్డదనలేను.

శాసనసభ కమిటీ విచారణకు బస్సు నిండా వెళ్లాం. ప్రభుత్వ వకీలు నోరీన్ టాకెట్ మెల్లగా లేచింది.

"ఇప్పటికే సంతకాలైన ఒప్పందాలకు ఇది వర్తించదని ఒక్క వాక్యం చేర్చండి. జడ్జి సంతకం పడేదాకా ఎవరైనా వెనక్కి..."

"విన్నారా!" అన్నాడు హార్లన్. "పాతవన్నీ చాపకింద దాచేద్దామని!"

"ఒక్కదాన్నీ వదలొద్దు నాయనా!" సాక్షి కుర్చీలోంచి అరిచింది డెల్ఫియా.

మా చప్పట్లలో వకీలు వాక్యం సగంలోనే మునిగిపోయింది.

మా కొండల్లో చేయీ చేయీ కలిస్తే బేరం ముగిసినట్టే. ఇరుపక్షాలూ సంతకం పెట్టాయి గనుక మా ఒప్పందం గట్టెక్కిందనుకున్నాం. మా దావా చూసే జడ్జిగారు తుంటి విరిగి మంచాన ఉన్నారనీ, ఆయన సంతకం ఇంకా పడలేదనీ, అది పడేదాకా ఒప్పందం ఖాయం కాదనీ మాలో ఒక్కరూ ఆలోచించలేదు. బిల్లు చట్టమైంది. అది మొదట పట్టుకుని మూడు నెలలు ఆపింది మా ఒప్పందాన్నే.

ప్రభుత్వంవాళ్లు వచ్చి మా లోయ అగ్నిమాపక కేంద్రంలో మా మాట విన్నారు. ఉడికించిన చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టెలూ వండుకుని తీసుకెళ్లాం. డెల్ఫియా భర్త గురించి చెబుతుంటే రాసుకునే అమ్మాయి కళ్లు తుడుచుకుంది. అంత శ్రద్ధగా మమ్మల్ని ఎవరూ ఎన్నడూ వినలేదు.

గడువు తీరకముందే కంపెనీ సంతకం వెనక్కి తీసుకుంది, వెంటనే దివాలా పిటిషను వేసింది. ఎవరితో రాజీపడాలో తెలియక ప్రభుత్వం చేతులు ఎత్తేసింది. లారీ వచ్చి గొట్టాలు ఎక్కించుకుపోయింది. అవి పడి ఉన్నచోట గడ్డి పాలిపోయి ఉంది.

ఇప్పుడు ఆ అగ్నిమాపక కేంద్రం మంచినీటి కుళాయి దగ్గరే డబ్బాలు నింపుకుంటున్నాం. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక హార్లన్ వచ్చాడు. తల వంచుకునే డెల్ఫియా డబ్బాలు రెండూ అందుకున్నాడు.

"నన్ను తిట్టు అత్తా."

"తిట్టి ఏం చేయను? అరిచింది నేను కాదూ?" డబ్బా మూత బిగించింది. "మమ్మల్ని అడిగార్రా. బాగానే అడిగారు."

అతను వంగి రెండో డబ్బా మూత బిగించాడు.

"చట్టం మళ్లీ సవరిస్తావా?"

"సవరిస్తా. కానీ మనకు అందదు అత్తా. మనది పోయింది."

"తెలుసులే. ఇంకో లోయకైనా అందుతుంది." రెండడుగులు నడిచి ఆగింది. "ఈసారి ఆ వకీలమ్మను మాట పూర్తిచేయనివ్వు."