ఆరు నొక్కులు

నేను ఒక కాలిక్యులేటర్ని. పన్నెండు అంకెలు పట్టే వెడల్పాటి రకం. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు గానీ, గుంటూరు పక్కన ఒక నూలు మిల్లులో పదకొండేళ్లు పనిచేశాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. చేతనయినవాళ్లను అక్కడ దండిగా చూశాను.

నన్ను నొక్కేవాడు అకౌంటెంటు దక్షిణామూర్తి. మామూలు మనుషులు అంకెలు నొక్కి జవాబు కోసం చూస్తారు. ఈయన పద్ధతి వేరు. ఏటా మార్చి ముగియగానే యజమాని జవాబు ముందే చెప్పేసేవాడు.

"మూర్తిగారూ, తీర్చాల్సిన రూపాయికి చేతిలో రూపాయిన్నర పైన కనపడాలండి. బ్యాంకువాళ్లు చూస్తారు."

ఇక ఆ జవాబుకు సరిపడే అంకెలు వెతకడానికి ఈయన కూర్చునేవాడు. దాన్ని అనుభవం అనేవాడు.

ఒక ఏడు మిల్లు దగ్గర ఏడాదిలోగా డబ్బయ్యే ఆస్తులు నలభై రెండు లక్షలు. ఏడాదిలోగా తీర్చాల్సిన బాకీలు అరవై. అందులో ముప్పై ఆరు లక్షలు జనానికి అమ్మిన బాండ్లవి, వచ్చే ఫిబ్రవరిలో కట్టి తీరాలి. మూర్తి ఆ ముప్పై ఆరునూ ఎత్తి దీర్ఘకాలిక అప్పుల కింద పెట్టాడు. బాండు మీద గడువు అలాగే ఉంది, పట్టికలో చోటు మారింది. మిగిలింది ఇరవై నాలుగు. నలభై రెండును దానితో భాగించమన్నాడు, 1.75 అన్నాను. ఆడిటరు పెసరట్టు తిని సంతకం పెట్టి వెళ్లాడు.

ఇంతవరకూ నాకు ఆశ్చర్యం లేదు. అసలు సిగ్గుచేటు తర్వాత జరిగింది. నాలుగు నెలలు తిరిగేసరికి మూర్తి తన అంకెను తనే నమ్మాడు. వెయ్యి రూపాయల బాండు బజారులో ఎనిమిది వందలకు దిగింది. దాని మీద ఏటా వడ్డీ నూట ఇరవై. ఎనిమిది వందలకు ఎంత పడుతుందో నొక్కి, పదిహేను శాతం అని చూసి పొంగిపోయాడు. వెంటనే చెల్లెలు సుభాషిణిని ఆఫీసుకు పిలిపించాడు. ఆవిడ అద్దె గదిలో కుట్టు షాపు నడుపుతోంది. ఆ గదిని కొనుక్కోవాలని రెండు లక్షలు కూడబెట్టింది. దాంతో ఆ బాండ్లు కొనమన్నాడు.

"అంత లాభమున్నదాన్ని కొన్నవాళ్లెందుకు తెగనమ్ముకుంటున్నారన్నయ్యా?" అంది.

కామర్సు కాలేజీ గుమ్మం తొక్కని మనిషి అడిగిన ప్రశ్న అది. మూర్తి నవ్వాడు.

"నీకు తెలీదులేవే. మా లెక్క ఎంత గట్టిదో చూడు."

మళ్లీ నాతో 1.75 అనిపించి నన్ను ఆవిడ వైపు తిప్పాడు. మిషను అబద్ధమాడదని ఆవిడ డబ్బిచ్చింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఫిబ్రవరిలో బాండ్ల డబ్బు కట్టలేక మిల్లుకు తాళం పడింది. రావాల్సిన జీతానికి బదులుగా మూర్తి నన్ను సంచిలో వేసుకొచ్చాడు. గది ఎవరో కొనేశారు. సుభాషిణి కుట్టు మిషన్ను ఇంటి వరండాలోకి మార్చుకుంది. ఒక ఆదివారం అన్న ఇంటికి వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. నన్ను ఆయన ముందుకు జరిపింది.

"ఆ లెక్క ఇప్పుడు సరిగ్గా చెయ్యి, చూస్తాను."

నలభై రెండును అరవైతో భాగించాడు. 0.7 అన్నాను. రూపాయి బాకీకి చేతిలో డెబ్బై పైసలు.

"ఇది ఆ రోజు చెయ్యడానికి ఎంతసేపు పట్టేదన్నయ్యా?"

పదకొండేళ్లు నన్ను నొక్కినవాడు నా తెర తుడవడం మొదలుపెట్టాడు. నేను చెబుతాను. ఆరు నొక్కులు.

వెళ్తూ వెళ్తూ ఆవిడ నన్ను తీసుకుపోయింది. ఇప్పుడు జాకెట్ల కూలి కూడుతున్నాను. ఆవిడ ముందు అంకెలు నొక్కుతుంది. ఆ తర్వాతే జవాబు చూస్తుంది.