ఐసు పెట్టెలో రొయ్యలు, తెర మీద చేప

చెంచమ్మ ఇంట్లో వేడెక్కేవి రెండున్నాయి. ఒకటి మొగుడు కామాక్షయ్య పడవ ఇంజను, రెండోది కొడుకు సుధాకర్ ల్యాప్‌టాప్. ఇంజను వేడెక్కి పులికాట్ సరస్సు మధ్యలో ఆగిపోతే కామాక్షయ్య గడకర్రతో పడవను తోసుకుంటూ ఇంటికొస్తాడు, ఎవరికీ చెప్పడు. ల్యాప్‌టాప్ వేడెక్కితే మాత్రం ఇల్లంతా ఉరుకులు పరుగులు.

ఇంట్లోంచే ఉద్యోగం చేస్తానని సుధాకర్ పట్టుబట్టి కొనిపించుకున్న ల్యాప్‌టాప్ అది. ఉద్యోగం ఇంకా ఇల్లు వెతుక్కుంటూ రాలేదు గానీ గేములు మాత్రం వచ్చాయి. అందులోనూ చేపలు పట్టే గేమంటే వాడికి ప్రాణం. పడవెక్కితే కడుపులో తిప్పుతుందనే జాలరి బిడ్డ, తెర మీద నడిసముద్రంలో గాలం వేస్తాడు. చెంచమ్మకు అదీ మురిపెమే. ఒక్కగానొక్క కొడుకు, ఎండకు కందకుండా చేపలు పడుతున్నాడు మరి!

"లోపల దుమ్ము చేరుంటాది. నాయుడుపేట తీసుకుపోయి తుడిపించుకోరా" అని తండ్రి చెబితే, "ఈ ఎండలో యాడికి పోయేది నాయనా?" అన్నాడు.

ఆ ఆదివారం రెండు పెద్ద సంగతులు ఒకేసారి వచ్చిపడ్డాయి. సరస్సులో మంచి చోట వల కట్టడానికి ఊళ్లో వంతులుంటాయి. ఎన్నాళ్లకో కామాక్షయ్య వంతు వచ్చింది. తెల్లారేసరికి పెట్టెడు రొయ్యలు తెచ్చాడు, ఒక్కొక్కటీ అరచేయంత. ఇవి అమ్ముడుపోతే ఇంజను బాగవుతుంది. రొయ్యల మీద నిండా ఐసు కప్పి, "మద్దేనానికి సరుకు కొనేదానికి చెంగయ్య బండి వస్తాది. అందాకా మూత తీయొద్దే" అని పెళ్లానికి ఒప్పజెప్పి వసారాలో నడుం వాల్చాడు.

రెండో సంగతి సుధాకర్ గేము పోటీ, ఆఖరి ఆట.

ఆట మొదలైన కాసేపటికే ల్యాప్‌టాప్ దోసెల పెనమైంది. "అమా! కాలిపోతా ఉంది. ఇప్పుడు ఆగిపోయిందంటే నా పరువు పోతాది!" అని అరిచాడు సుధాకర్. చెంచమ్మ వసారాలోకి పరిగెత్తి, నిద్రపోతున్న మొగుడి దగ్గరున్న టేబుల్ ఫ్యాను పట్టుకొచ్చి ల్యాప్‌టాప్‌కు పెట్టింది. అదీ చాల్లేదు.

"ఐసుంది గదమా" అన్నాడు వాడు, తెర మీంచి చూపు తిప్పకుండా.

చెంచమ్మకు చెయ్యాడలేదు. కానీ బిడ్డ మొహం చూస్తే ఏడుపొక్కటే తక్కువ. గుప్పెడే కదా అనుకుని మూత తీసింది. ఐసు కవర్లో పోసి, నీళ్లు కారకుండా ముడేసి, పళ్లెంలో పరిచి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టింది. ఏళ్ల తరబడి చేపలమ్మిన మనిషి, ఐసు ఎలా పరచాలో ఆమెకు వేరే చెప్పాలా! ల్యాప్‌టాప్ చల్లబడింది. కాసేపటికి మళ్లీ కాగింది. మళ్లీ గుప్పెడు. ఆ తర్వాత గుప్పెడు చాలక చెంబు తెచ్చుకుంది.

చివరికి సుధాకర్ ఎగిరి గంతేశాడు. "అమా, పడింది! పడవంత చేప! గెలిచినా!" తెర మీద చేప తళతళలాడింది, దాని నెత్తిన బంగారు కిరీటం కూడా వెలిసింది. చెంచమ్మ కొడుక్కి దిష్టి తీసింది. పనిలో పనిగా ల్యాప్‌టాప్‌కూ తీసింది.

అంతలో బయట చెంగయ్య బండి హారన్ మోగింది.

చెంగయ్య దిగొచ్చి పెట్టె మూత తీశాడు. ఐసు ఆనవాలు లేదు. వెచ్చటి నీళ్లలో రొయ్యలు నల్లబడి ఉన్నాయి. ఒకదాన్ని ఎత్తితే తలకాయ ఊడి చేతికొచ్చింది. "కోళ్ల దాణాకి గూడా పనికిరావక్కా" అని మూత పెట్టేసి వెళ్లిపోయాడు.

చప్పుడుకు లేచిన కామాక్షయ్య పెట్టెను చూశాడు, గదిలో తిరుగుతున్న ఫ్యానును చూశాడు, ల్యాప్‌టాప్ కింద కవర్లు చూశాడు. చెమట తుడుచుకుని, గడకర్ర పగిలిన చోట తాడు చుట్టడం మొదలుపెట్టాడు. నాలుగు తిట్టినా బాగుండేది అనిపించింది చెంచమ్మకు. మొగుడి కష్టాన్ని తన చేత్తోనే గుప్పెడు గుప్పెడుగా తీసి పారబోసిందని తెలిసి సిగ్గుతో చచ్చిపోయింది.

"అమా, ఆకలి! రొయ్యల కూర చేస్తానంటివే?" లోపల్నుంచి గెలిచిన వీరుడి కేక.

చెంచమ్మ పళ్లెంలో వట్టి అన్నం పెట్టి వాడి ముందుంచింది. కిరీటం చేప వాడికి ఎదురుగా ఉండేటట్టు ల్యాప్‌టాప్ తిప్పింది.

"పట్టినావు గదరా పడవంత చేప. కలుపుకోని తిను."

సుధాకర్ నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయాడు. ఆమె ఫ్యాను ప్లగ్గు పీకి వసారాలోకి తీసుకుపోయి మొగుడి దగ్గర పెట్టింది. ఐసూ లేక, గాలీ లేక, లోపల ల్యాప్‌టాప్ కాసేపు రొప్పి, చేపతో సహా ఆరిపోయింది.