ఇంకోసారి అనని ఫొటోగ్రాఫర్

ఇంద్రాణి కెమెరా కొన్నది అన్న కూతురి పెళ్ళయిన నెలకి. ఆ పెళ్ళి ఢిల్లీలోనే జరిగింది. కన్యాదానం చేస్తూ ఆమె అన్న మనోహర్ ఏడ్చేశాడు. ఎన్నడూ నలుగురిలో కంటతడి పెట్టని మనిషి. ఫొటోగ్రాఫర్ ఆ క్షణంలో కెమెరాకి లెన్సు మారుస్తున్నాడు. తల ఎత్తి, "అంకుల్‌జీ, ఏక్ బార్ ఫిర్ సే" అన్నాడు, ఇంకోసారి చేయమని. మళ్ళీ నీళ్ళు వదిలారు. వెలుతురు సరిపోలేదన్నాడు. ఇంకోసారి వదిలారు. అప్పటికి మనోహర్ కళ్ళు తుడుచుకుని, అలవాటైపోయి, కెమెరా వైపు చూసి నవ్వాడు. ఆల్బంలో ఉన్నది ఆ నవ్వే.

అది చూసినప్పుడల్లా ఇంద్రాణి ఆల్బం మూసేసేది. చాందినీ చౌక్‌లో కెమెరాల బజారుకి వెళ్ళి ఒక పాత కెమెరా కొనుక్కుంది. ఆడిట్ ఆఫీసులో పొద్దంతా ఫైళ్ళు చూసి వచ్చి, ఆర్కే పురంలోని క్వార్టర్‌లో రాత్రి పూట వీడియోలు చూస్తూ నేర్చుకుంది. ఎంత మంచి దృశ్యం చేజారినా సరే, ఎవరినీ మళ్ళీ చేయమనకూడదని ఒట్టు పెట్టుకుంది. ఫ్లాష్ వేయకూడదనుకుంది. వెనక కూర్చున్నవాళ్ళకి అడ్డం రాకుండా నేల మీదే ఉండి తీయాలనుకుంది.

ఫలితం మొదట్లో ఏమంత గొప్పగా లేదు. తెలుగు సంఘం ఉగాదికి తీసిన ఫొటోల్లో పచ్చడి గిన్నె బ్రహ్మాండంగా వచ్చింది, పంచాంగం చదువుతున్న పంతులుగారి ముక్కు నుంచి పైభాగం రాలేదు. సత్యనారాయణ వ్రతం ఫొటోల్లో సగం చీకటి.

"ఆఫీసులో ఎవరి తప్పూ వదలవు. ఫొటోల్లో మాత్రం అన్నీ వదిలేస్తావు" అన్నాడు భర్త శేషగిరి.

"వదిలేసినవి పోను మిగిలినవైనా నిజమైనవేగా" అంది ఇంద్రాణి.

అలాంటి ఆమెను ఏరికోరి పిలిచింది ప్రణతి ఒక్కతే. ప్రణతి, పృథ్వీరాజ్ ఇద్దరూ సాకేత్‌లో ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తారు. మునిర్కాలో మూడో అంతస్తులో అద్దెకుంటారు. వాళ్ళ కొడుకు చైతు బారసాలకి వచ్చిన ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ వేసిన ప్రతిసారీ పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. అందుకే అన్నప్రాశనకి, "ఆంటీ, మీరు ఫ్లాష్ వేయరట కదా, మీరే రావాలి" అని ఫోన్ చేసింది.

ఫిబ్రవరి ఆదివారం పొద్దున. బాల్కనీ తలుపులోంచి హాల్లోకి మంచి ఎండ పడుతోంది. ఇంద్రాణి పట్టుచీర కట్టుకుని, మెడలో కెమెరా వేసుకుని, వెనక శేషగిరితో మెట్లెక్కి వచ్చింది. ప్రణతి తల్లి జానకమ్మ తెనాలి నుంచి వచ్చింది, రిటైరైన తెలుగు టీచరు. ఇంద్రాణికి కాఫీ ఇచ్చి, కాసేపు గుమ్మం వైపు చూసింది.

"ఫొటోగ్రాఫర్ ఎప్పుడొస్తాడే ప్రణతీ? ముహూర్తం దగ్గర పడుతోంది."

"వచ్చేశారమ్మా. ఈవిడే."

జానకమ్మ ఇంద్రాణిని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. "అలాగా" అంది.

చైతుకి మేనమామ ఉంగరంతో పాయసం నాలిక మీద రాశాడు. వాడు చప్పరించి, ఇంకా కావాలని రెండు చేతులూ గిన్నెలో పెట్టేశాడు. అందరూ నవ్వారు. ఇంద్రాణి ఒక మూల కూర్చుని తీస్తూనే ఉంది. ఇక పిల్లాడి ముందు వస్తువులు పెట్టి, దేన్ని పట్టుకుంటాడో చూడాల్సిన ఘట్టం మిగిలింది. అందరూ దాని కోసమే ఎదురుచూస్తున్నారు.

దుప్పటి పరిచారు. జానకమ్మ పుస్తకం, కలం, బంగారు గొలుసు, అన్నం గిన్నె, చిన్న చాకు వరసగా సర్దింది. పుస్తకాన్ని మాత్రం పిల్లాడికి ఎదురుగా, కాస్త ముందుకి జరిపింది. ఇంతలో పృథ్వీరాజ్ తండ్రి సదాశివరావు వచ్చి, జేబులోంచి చిన్న పానా తీసి పుస్తకం పక్కన పెట్టాడు. ఆయన జగిత్యాల బస్ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు.

"ఇదేమిటి అన్నయ్యగారూ! శుభమా అని ఇనుమెందుకు?"

"చాకు ఇనుముది గాదా చెల్లె? అది పెట్టినప్పుడు ఇది పెడితే ఏమైతది?"

జానకమ్మ పుస్తకాన్ని ఇంకో బెత్తెడు ముందుకి జరిపింది. సదాశివరావు పానాని రెండు బెత్తెలు జరిపాడు. "నాన్నా, ప్లీజ్" అన్నాడు పృథ్వీరాజ్.

ఇంద్రాణికి పిల్లాడి ముఖం ఎదురుగా కావాలి. వాడు నేల మీద పాకుతుంటే తను పైనుంచి తీస్తే నడినెత్తి తప్ప ఏమీ రాదు. కళ్ళజోడు శేషగిరి చేతికిచ్చి, కొంగు నడుముకి దోపి, దుప్పటికి అవతలి చివర బోర్లా పడుకుంది. జానకమ్మ నోరు కొంగుతో కప్పుకుంది. శేషగిరి కిటికీలోంచి బయటికి చూశాడు.

చైతుని వదిలారు. వాడు ఒక్క క్షణం అందరినీ చూసి, పాకడం మొదలుపెట్టాడు.

"ఇటు నాన్నా, ఇటు బంగారం, పుస్తకం చూడు!"

"ఇగో బిడ్డా, ఇటు జూడు, మెరుస్తున్నది!"

తాతా అమ్మమ్మా కుర్చీల్లోంచి లేచి, పిల్లాడి వెనకే దుప్పటి అంచు దాకా వచ్చి గొంతుక్కూర్చున్నారు. వాడు పుస్తకాన్ని మోకాలితో తొక్కాడు. పానాని పక్కకి తోశాడు. గొలుసు వైపు చూడనేలేదు. ఎదురుగా ఎవరో ఆంటీ ముఖానికి నల్లటి గుండ్రటి అద్దం పెట్టుకుని పడుకుని ఉంది. అందులో ఒక పిల్లాడు కనిపిస్తున్నాడు. చైతు నవ్వి, గబగబా పాకి, పాయసం చేత్తో ఆ అద్దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకునే ముందు క్షణంలో ఇంద్రాణి వేలు బటన్ నొక్కింది.

వాడు అటు పాకుతుండగానే మొదలైన నవ్వుకి హాలంతా గొల్లుమంది. ఆ తర్వాతే గొడవ మొదలైంది.

"ఇది లెక్కలోకి రాదు. కెమెరా మనం పెట్టింది కాదుగా" అంది జానకమ్మ.

"చెల్లె చెప్పింది కరెక్టే" అన్నాడు సదాశివరావు. పొద్దుటి నుంచి వాళ్ళిద్దరూ ఒక మాట మీదకి రావడం అదే మొదలు.

"ఆంటీ, ఇంకోసారి చేద్దామా?" అన్నాడు పృథ్వీరాజ్.

ఇంద్రాణి లేచి కూర్చుంది. లెన్సు మీంచి పాయసం కారుతోంది. "నేనైతే మళ్ళీ చేయమని ఎవరినీ అడగను బాబూ. మీకు చేయాలనుంటే చేయండి. నేను వంటింట్లో నిలబడతాను, వాడికి కనబడకుండా."

మళ్ళీ సర్దారు. చైతుని వదిలారు. వాడు నేరుగా దుప్పటి అవతలి చివరికి పాకి, ఆ అద్దం కోసం వెతికాడు. లేదు. కూలబడి, పెదవి విరిచి, ఏడుపు అందుకున్నాడు. పుస్తకం ఇచ్చినా, పానా ఇచ్చినా విసిరేశాడు. ప్రణతి ఎత్తుకుని భుజాన వేసుకోగానే నిద్రపోయాడు. ఇక అంతే.

అందరూ భోజనాలకి కూర్చున్నారు. గుత్తి వంకాయ కూర చాలా బాగుంది. కానీ ఇంద్రాణి సగంలోనే లేచిపోయింది. దారిలో శేషగిరితో, "నేను అంత దగ్గరికి పోకుండా ఉండాల్సింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చారు పెద్దవాళ్ళు. నా మూలంగా పాడైంది" అంది.

"పిల్లాడికి నచ్చింది కదా" అన్నాడు శేషగిరి. అతనికి ఓదార్చడం అంతవరకే వచ్చు.

ఇంటికి రాగానే ఫొటోలు కంప్యూటర్‌లో వేసింది. చివరి ఫొటో దగ్గర ఆగిపోయింది. చైతు ముఖం సగం ఫొటో నిండా ఉంది, కానీ అంతా మసక. వాడు మరీ దగ్గరికి రావడంతో కెమెరా వాణ్ణి వదిలేసి వెనక ఉన్నవాళ్ళ మీద నిలిచింది. పిల్లాడి చెవి పక్క నుంచి జానకమ్మ, సదాశివరావు స్పష్టంగా కనిపిస్తున్నారు. ఇద్దరూ గొంతుక్కూర్చుని, నోళ్ళు తెరుచుకుని, పగలబడి నవ్వుతున్నారు. పడిపోకుండా జానకమ్మ ఆయన భుజాన్ని గుప్పిటతో పట్టుకుంది. ఆయన చెయ్యి ముందుకి చాచి ఉంది, మనవడు పడితే పట్టుకోవడానికి. వెనక పృథ్వీరాజ్ భుజం మీద తల వాల్చి ప్రణతి కళ్ళు మూసుకుని నవ్వుతోంది.

"పోయింది. పిల్లాడే మసక" అంది ఇంద్రాణి.

శేషగిరి వంగి చాలాసేపు చూశాడు. ఎగతాళి చేస్తాడనుకుంది. చేయలేదు. "ఇది ముందు పంపు" అన్నాడు.

'ఫోకస్ తప్పింది, ఏమనుకోవద్దు' అని రాసి పంపింది. దీపాలు పెట్టే వేళకి ఫోన్ మోగింది. ప్రణతి నంబరే, మాట్లాడింది మాత్రం జానకమ్మ.

"ఇంద్రాణిగారూ, మా మనవడు మసగ్గా ఉన్నాడండీ."

"అవునండీ. తప్పు నాదే."

"అదలా ఉంచండి. నేను అన్నయ్యగారి భుజం పట్టుకోవడమేమిటండీ! అస్సలు తెలియలేదు. పైగా ఆ నవ్వు! నవ్వితే క్లాసులో పిల్లలకి భయం ఉండదని ముప్ఫయ్యేళ్ళు పళ్ళు కనబడకుండా బతికాను."

వెనక నుంచి సదాశివరావు గొంతు వినిపించింది. "గట్టిగనే పట్టిన్రు. ఇంక నొస్తున్నది!"

"మీరు ఊరుకోండి అన్నయ్యగారూ" అని, జానకమ్మ గొంతు తగ్గించింది. "మా ఆయన మోకాళ్ళ నొప్పులని రాలేదు. ఆయనకి పంపాను. ఫోన్ చేసి, ఇంత నవ్వు దాచిపెట్టుకుని ఇన్నేళ్ళూ నాతో ఎలా కాపురం చేశావే అన్నారు." వెంటనే ఇంకో మాట అడిగింది. "ఇంకోసారి చేయమన్నామే, ఆ రెండోసారి ఫొటో ఏదైనా తీశారా?"

"లేదండీ."

"మంచి పని చేశారు. రేపు సాయంత్రం ఇద్దరూ రండి, పునుగులు వేస్తాను. ఇంతకీ మీరు చెప్పాలి, కెమెరా పట్టుకుంటే ఏమవుతాడంటారు? అది కళ. కళంటే విద్య. విద్యంటే పుస్తకమేగా?"

"కెమెరా మిషిను చెల్లె!" సదాశివరావు ఫోన్ దగ్గరికి వచ్చేశాడు. "విప్పితే లోపలంత స్క్రూలే. మేడం, మీరే చెప్పున్రి."

ఇంద్రాణి నవ్వుతూ ఫోన్ స్పీకర్‌లో పెట్టింది, శేషగిరికి కూడా వినబడేలా. వాళ్ళిద్దరూ అవతల వాదించుకుంటూనే ఉన్నారు. మధ్యలో నిద్ర లేచినట్టున్నాడు, చైతు కూడా ఏదో రాగం అందుకున్నాడు.