కాపలాను అడగని కమాండు

ఆఫీసులో ఆమెను అందరూ అనుమానం మేడమ్ అనేవారు. చాటున కాదు, ముఖం మీదే. పిలిస్తే ఆమె పలికేది కూడా. ఆస్పత్రులకు రికార్డుల సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆ కంపెనీలో ఆమెది టెస్టింగ్ పని. మిగతావాళ్ళు "హమ్మయ్య, అయిపోయింది" అనుకున్న చోట ఆమె మొదలుపెట్టేది.

ఆ రికార్డులన్నీ ఉండేది ఒక ఓపెన్ సోర్స్ డేటాబేస్‌లో. దానికి యజమాని అంటూ ఎవరూ లేరు. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాస్తారు, ఒకరి కోడ్‌కు ఇంకొకరు వంకలు పెడతారు, అందరూ సరేనన్నది లోపలికి వెళుతుంది. అందులో హుక్‌లని కొన్ని ఉన్నాయి. ఎవరైనా రికార్డులుండే ఒక పట్టికను తీసెయ్యబోయినా, ఒక సెట్టింగ్ మార్చబోయినా డేటాబేస్ క్షణం ఆగి, ఆ హుక్‌కు తగిలించి ఉన్న కాపలా ప్రోగ్రామ్‌ను "ఈ మనిషిని చెయ్యనివ్వొచ్చా?" అని అడుగుతుంది. వద్దంటే పని అక్కడితో ఆగిపోతుంది.

ఇంత ముఖ్యమైన హుక్‌లకు పరీక్షంటూ ఒక్కటీ లేదని ఆమెకు ఒక మధ్యాహ్నం తెలిసింది. పక్క సీటు ప్రోగ్రామర్‌కు చెప్పింది.

"ఇన్నేళ్ళూ బాగానే నడిచింది కదా మేడమ్," అన్నాడతను.

"బాగా నడిచిందని నీకెవరు చెప్పారు?"



ఆ వారమే ఆమె ఒక మొండి కాపలాను రాసింది. అడ్మిన్ తప్ప ఎవరు ఏం చెయ్యబోయినా అది కాదంటుంది. తనను అడిగిన ప్రతిసారీ తెర మీద ఒక వాక్యం రాసి చూపిస్తుంది. ఏ కమాండుకు ఏ జవాబు రావాలో ఆమె ముందే ఒక ఫైల్లో పెట్టుకుంది. మామూలు యూజర్‌గా లోపలికి వెళ్ళి కమాండులు ఒక్కొక్కటే ఇస్తూ వచ్చింది. అన్నీ అనుకున్నట్టే వచ్చాయి.

ఇంట్లో అత్తగారు ఈ సంగతి ఆసక్తిగా విన్నారు. ఆవిడ ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి.

"మా వార్డులో ఒకసారి పేరున్నాయన చేరాడు. సంబంధం లేనివాళ్ళంతా ఏదో పనున్నట్టు వచ్చి ఆయన కేస్ షీట్ తిరగేసి పోయేవాళ్ళు. ఇప్పుడైతే ఎవరు చూశారో మిషన్‌లో పడుతుందటగా?"

"పడుతుంది అత్తయ్యా. ఎవరు చూశారో రాసుకునే సెట్టింగ్ ఆన్‌లో ఉన్నంతసేపూ."

"ఎవడైనా దాన్ని ఆపేస్తే?"

"కాపలా ఆపనివ్వదు."

"నువ్వు ఆపబోయి చూశావా?"

"రేపు చూస్తా."

మర్నాడు ఆ సెట్టింగ్‌ను ఆపమని కమాండు ఇచ్చింది. కాపలా కుదరదంది. అక్కడితో వదిలేస్తే ఆమె అనుమానం మేడమ్ ఎందుకవుతుంది? ఏ సెట్టింగ్‌నైనా మొదట్లో ఉన్న స్థితికి తెచ్చే రీసెట్ కమాండు ఒకటుంది. ఈ సెట్టింగ్ మొదటి స్థితి ఆఫ్. రీసెట్ ఇచ్చి చూసింది. కాపలా నుంచి ఒక్క ముక్క రాలేదు. దాన్ని ఎవరూ అడగనే లేదు. సెట్టింగ్ గుట్టుచప్పుడు కాకుండా ఆఫ్ అయిపోయింది.

తప్పు తనదేమోననుకుని టీ తాగొచ్చి ఇంకో మిషన్‌లో చేసింది. అక్కడా అంతే.

"వచ్చిన జవాబునే ఆ ఫైల్లో పెట్టెయ్యండి మేడమ్, టెస్ట్ పాసైపోతుంది," అన్నాడు పక్క సీటతను.

"పాసవ్వాల్సింది టెస్ట్ కాదు నాయనా, డేటాబేస్."

ఇలాంటివి పదిమందిలో చెప్పకూడదు కాబట్టి, భద్రత చూసే కొద్దిమందికి మాత్రమే వెళ్ళే అడ్రసుకు మెయిల్ పంపింది. హుక్‌లను మొదట రాసినాయనే జవాబిచ్చాడు. ప్రాజెక్టులో అందరూ పెద్దాయన అనే మనిషి. "రీసెట్ మార్పు కిందకు రాదు. ఉన్నచోటికి తిరిగి వెళ్ళడమే. కావాలనే అలా వదిలాం," అని రెండు ముక్కల్లో తేల్చేశాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. పేజీడు జవాబు రాసి చెరిపేసింది. చివరికి చిన్న పరీక్ష ఒకటే పంపింది. అందులో మామూలు యూజర్ ఒక రోగి రికార్డు చూస్తాడు, చూసినట్టు నమోదవుతుంది. రీసెట్ చేస్తాడు. అదే రికార్డు మళ్ళీ చూస్తాడు. కింద ఇలా రాసింది: "రెండోసారి చూసిందెవరో చెప్పగలరా?"

 జవాబు కోసం ఆమె కంటే అత్తగారికే ఆత్రం ఎక్కువైంది. "ఆయనేమన్నాడు?" అని చెప్పులు విప్పకముందే అడిగేవారు.

ఒక రోజు జవాబొచ్చింది. "చెప్పలేను. మీ మాటే నిజం. సరిచేసిన కోడ్ పంపుతున్నాను, చూసి చెప్పండి." ఆమె చూసింది. సెట్టింగులన్నిటినీ ఒకేసారి రీసెట్ చేస్తే ఇంకా కాపలాను అడగడం లేదని చెప్పింది. "మీతో వేగడం కష్టమండీ," అంటూ ఆయన దాన్నీ సరిచేసి పంపాడు.

సవరణా, ఆమె పరీక్షలూ కలిసి లోపలికి వెళ్ళిన ఆదివారం పొద్దున అత్తాకోడళ్ళిద్దరూ భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ప్రపంచంలో ఎందరో తమ సొంత మిషన్ల మీద ఆ డేటాబేస్‌ను పరీక్షిస్తుంటారు. నెగ్గిన మిషన్ పేరు పక్కన పచ్చరంగు పడుతుంది, లేకపోతే ఎరుపు. ఒక్కొక్కటే పచ్చబడుతోంది. ఒక్కటి మాత్రం అలాగే ఉండిపోయింది.

"ఇదేంటే, కదలదూ?"

"పాత మిషన్ అత్తయ్యా. నిదానంగా చేస్తుంది."

"అయితే దాన్నేమీ అనకు. మా జట్టుదే."

అదీ పచ్చబడింది. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఆస్పత్రులు, బ్యాంకులు, తనెన్నడూ చూడని ఆఫీసులు, అన్నిచోట్లకూ ఇకపై తన ప్రశ్నకు జవాబు చెప్పాకే ఆ డేటాబేస్ వెళుతుంది.

మధ్యాహ్నం పెద్దాయన మెయిల్ వచ్చింది. "కొత్త హుక్ ఒకటి మొదలుపెడుతున్నాను. ఈసారి ముందు మీరు పరీక్షలు రాయండి. వాటికి తట్టుకునేలా కోడ్ నేను రాస్తాను." ఆమె దాన్ని పైకి చదివి వినిపించింది.

అత్తగారు అప్పటికే చెల్లెలికి ఫోన్ కలిపేశారు. "ఏంటనుకున్నావు మా కోడలంటే? అది ముందు ప్రశ్నలు రాస్తేగానీ అక్కడ పెద్దాయన కలం కదపడట."

కోడలు నవ్వుకుంటూ కొత్త ఫైల్ తెరిచింది.